వంటగట్టుకి మిగులు రాయి, పాత కలప, గాజు ముక్కలు: మనవైపు ఏది నిలుస్తుంది, ఏది నిలవదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఆమదాలవలసలో ఇల్లు కడుతున్నారు, శ్లాబ్ అయిపోయింది, వంటగది పని మొదలవబోతోంది. ఎల్ ఆకారంలో పద్నాలుగు అడుగుల గట్టు. గట్టు, గోడ, అలమరలు వీలైనంతవరకు వాడేసిన సామానుతోనో, మిగిలిపోయిన సామానుతోనో చేయించాలని మీ కోరిక. సిమెంట్‌లో గాజు ముక్కలు కలిపి పోసి పాలిష్ పెట్టిన టెర్రాజో గట్టు ఫొటోలు చూసి ముచ్చటపడ్డారు. మీ అత్తగారు మాత్రం "కొత్తింట్లో పాత ముక్కలేమిటి, నల్ల గ్రానైట్ వేయించండి" అంటున్నారు. మనవైపు ఇలాంటివి కుదురుతాయా, కుదిరినా మన్నుతాయా అని అడిగారు.

కుదురుతాయి, మన్నుతాయి కూడా. కానీ గట్టు మీదికి గాజు టెర్రాజో వద్దు. టెక్కలి పాలిషింగ్ యూనిట్లలో మిగిలిపోయే గ్రానైట్ ముక్కలు వేయించండి. గాజు మీద అంత ఇష్టముంటే తడి తగలని గోడ మీద పెట్టుకోండి. అరలకి, తలుపులకి పాత ఇళ్ల కలప తెచ్చుకోండి. రీసైకిల్ ప్లాస్టిక్ షీట్లు పొయ్యికి దూరంగా ఉండాలి. ఇక రీసైకిల్ అని ముద్ర వేసుకుని దూరం నుంచి వచ్చే ఖరీదైన స్లాబుల కోసం అప్పు చేయొద్దు.

నేను శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ల మధ్య 22 ఏళ్లుగా ఇంటి లోపలి పనులు చేయిస్తున్నాను. మొదట్లో రాయి పరిచే మేస్త్రిని, తర్వాత వడ్రంగి పని కూడా కలుపుకుని చిన్న కాంట్రాక్టులు తీసుకున్నాను. కింద చెప్పేవన్నీ నా చేతుల మీదుగా జరిగినవే. చెడినవి కూడా చెబుతాను, అవే మీకు ఎక్కువ పనికొస్తాయి.

ముందు గట్టు సంగతి. మన వంటగదిలో గట్టు మీద ఏం జరుగుతుందో ఒకసారి తలుచుకోండి. చింతపండు పులుసు ఒలుకుతుంది, నిమ్మకాయ పిండుతారు, పెరుగు చిందుతుంది. పసుపు, నూనె పడతాయి. పొయ్యి మీంచి దించిన గిన్నె తిన్నగా గట్టు మీదికే వస్తుంది. చేపలు కడుగుతారు. వేసవిలో ఆవకాయ పెట్టే రోజు కారం, ఆవపిండి, నూనె, ఉప్పు కలిసి పొద్దంతా ఆ గట్టు మీదే ఉంటాయి. పులుపు, వేడి, తడి, మరక: ఈ నాలుగింటినీ ఏళ్ల తరబడి తట్టుకోవాలి. బయటి దేశాల వంటగదుల ఫొటోల్లో బాగా కనిపించిన రాయి మన పులుసుకి తట్టుకుంటుందన్న నమ్మకం లేదు.

గ్రానైట్ తట్టుకుంటుంది. అది సున్నపు జాతి రాయి కాదు కాబట్టి పులుపు దాన్ని తినదు. అదే కడప రాయి గానీ, పాలరాయి గానీ, నాపరాయి గానీ అయితే సున్నం జాతి. నిమ్మరసం పడి కాసేపు ఉంటే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. మీరు కొనబోయే రాయి ఏ జాతిదో అనుమానముంటే ఒక చుక్క నిమ్మరసం వేసి పావుగంట ఆగి తుడవండి. మచ్చ పడితే అది గట్టు మీదికి పనికిరాదు. నల్ల గ్రానైట్ కొనేటప్పుడు ఇంకో పరీక్ష కూడా చేయాలి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ తెల్ల గుడ్డకి అద్ది రాయి మీద గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే ఆ నలుపు రాయిది కాదు, పూసిన రంగు. మీ అత్తగారు అడిగే నల్ల రాయి కొన్నా సరే, ఈ పరీక్ష మానకండి.

టెక్కలి చుట్టుపక్కల క్వారీలు, పాలిషింగ్ యూనిట్లు ఉన్నాయని మీకు తెలిసే ఉంటుంది. అక్కడ దొరికే నీలి రంగు రాయి టెక్కలి బ్లూ, వైజాగ్ బ్లూ అనే పేర్లతో విదేశాలకీ వెళుతుంది. బ్లాకుని స్లాబులుగా కోసి, ఆ స్లాబులని ఆర్డరు కొలతకి కోసినప్పుడు పక్కన పొడుగాటి పట్టీలు మిగులుతాయి. ఎనిమిది అంగుళాల నుంచి పదిహేను పదహారు అంగుళాల వెడల్పు, మూడు నుంచి ఆరడుగుల పొడవు. రంగు కొంచెం తేడా వచ్చిందని, మూల విరిగిందని ఆర్డరులోంచి తీసేసినవీ ఉంటాయి. ఇవన్నీ యూనిట్ వెనక గుట్టగా పడుంటాయి. కొన్ని మెట్లకీ గుమ్మాలకీ పోతాయి, మిగిలినవి గుంతలు పూడ్చడానికి పోతాయి. భూమిలోంచి తీసి, కోసి, పాలిష్ పట్టడానికి కరెంటు, నీళ్లు అన్నీ ఆ రాయి మీద ఖర్చయిపోయాక అది గుంతలోకి పోతుంటే నాకు చాలా బాధగా ఉంటుంది. మీ ఇంటికి గంటన్నర దూరంలో దొరికే ఈ మిగులు రాయి కన్నా పర్యావరణానికి మేలైన గట్టు మన జిల్లాలో నాకు కనిపించలేదు.

ముక్కలు ఏరుకోవడమే అసలు పని. డబ్బిచ్చి "ఇరవై ఎనిమిది చదరపు అడుగులు పంపించండి" అంటే మీకు అక్కరకు రానివే వస్తాయి. స్వయంగా వెళ్లండి, టేపు పట్టుకెళ్లండి. ముక్కని నీళ్లతో తడిపితే రంగు తేడాలు తెలుస్తాయి. నాణెంతో గానీ చిన్న సుత్తితో గానీ తట్టి చూడండి, ఖంగుమని మోగాలి. బొంగురు శబ్దం వస్తే లోపల పగులుంది. ఎండలో ఏటవాలుగా పట్టుకుని చూస్తే వెంట్రుకంత పగుళ్లు కూడా కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం మందం. మిగులు ముక్కల్లో 15 ఎం.ఎం. నుంచి 20 ఎం.ఎం. వరకు అన్ని మందాలూ కలిసిపోయి ఉంటాయి. ఒకే మందం ఉన్నవి వేరు చేసుకోకపోతే ప్రతి జాయింటు దగ్గర మెట్టులా లేస్తుంది, అక్కడ మురికి చేరుతుంది, గుడ్డ పట్టుకుంటుంది.

పరిచే తీరు గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ముక్కల గట్టు చెడిపోయిందని నాకు ఫోన్ చేసినవాళ్లలో చాలామందికి రాయి బాగానే ఉంది, జాయింట్లే తప్పు చోట పడ్డాయి. రెండడుగుల లోతు గట్టుని నేను రెండు వరసలుగా చేస్తాను. ముందు వరస పదిహేను అంగుళాలు, వెనక వరస తొమ్మిది అంగుళాలు. మనం కోసేది, తరిగేది, పిండి కలిపేది అంతా ముందు వరస మీదే. పొడుగాటి జాయింటు వెనకవైపు, డబ్బాలు పెట్టుకునే చోటికి పోతుంది, అక్కడ తడి తక్కువ. అడ్డ జాయింట్లు సింక్ దగ్గర, పొయ్యి కింద రాకూడదు. సింక్ కోసం రంధ్రం చేసే రాయి మాత్రం రెండడుగుల వెడల్పున్న ఒకే ముక్క కావాలి. అదొక్కటి మిగులులో దొరక్కపోతే కొత్త స్లాబులోంచి కోయించుకోండి, అక్కడ రాజీ పడొద్దు.

జాయింటు సందు ఒకటిన్నర, రెండు ఎం.ఎం. చాలు. అందులో వైట్ సిమెంట్ నింపితే ఆరు నెలలకే పసుపు రంగు తిరుగుతుంది, ఏడాదికి పొడిపొడిగా రాలుతుంది. ఎపాక్సీ గ్రౌటే (రెజిన్‌తో చేసిన, సందులు నింపే ముద్ద) నింపించండి, రాయి రంగుకి దగ్గర రంగు కలిపించి. ముక్క కింద ఎక్కడా డొల్ల ఉండకూడదు. అంచుల దగ్గర నాలుగు ముద్దలు వేసి రాయి పెట్టేసే మేస్త్రులున్నారు, దగ్గరుండి చూసుకోండి. డొల్ల ఉన్న చోట బరువైన గ్రైండరు పెట్టినా, పచ్చడి బండతో ఒక దెబ్బ కొట్టినా రాయి చిట్లుతుంది.

నరసన్నపేటలో 2013లో పదమూడు అడుగుల గట్టు ఏడు ముక్కలతో చేశాను. ఇప్పటికీ అదే వాడుతున్నారు. 2021లో సింక్ పక్కన జాయింటు ఒకటి మళ్లీ నింపాం, అంతే. ఖర్చు గురించి కూడా చెప్పాలి. ఆ ఇంట్లో రాయి ధర కొత్త స్లాబుతో పోలిస్తే మూడో వంతే పడింది. కానీ ఏరడం, అంచులు కలిసేలా కోయడం, జాయింట్లు నింపడం వల్ల కూలి ఒకటిన్నర రెట్లు అయింది. మొత్తం మీద మిగిలింది కొంచెమే. డబ్బు బాగా ఆదా అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. రాయి వృథా పోకుండా ఆగుతుంది, మీ డబ్బు మేస్త్రి ఇంటికి వెళుతుంది. నాకైతే అది మంచి బేరమే.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి అమ్మా. పెద్దవాళ్లకి "ముక్కలు" అన్న మాటే నచ్చదు. విజయనగరంలో ఒక ఇంట్లో అత్తగారితో ఇదే గొడవ వచ్చింది. వాళ్ల పాత ఇంటి సన్నికల్లు పెరట్లో పడి ఉంటే తెచ్చి, అడుగు సమం చేసి, గట్టు చివర పెట్టాను. ఆవిడ కోడలిగా వచ్చిన రోజు నుంచి నూరిన రాయి అది. ఆ తర్వాత ముక్కల గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. మీ ఇంట్లో అలాంటి రాయి ఏదైనా ఉంటే పారేయకండి.

ఇప్పుడు మీరు ఇష్టపడ్డ గాజు టెర్రాజో. ఇది మనకి కొత్త పనేం కాదు. మన పాత ఇళ్లలో మొజాయిక్ నేలలు అంటామే, అదే. సిమెంట్‌లో రాతి చిప్స్ కలిపి పోసి, గట్టిపడ్డాక మిషన్‌తో అరగదీసి పాలిష్ పెడతారు. రాతి చిప్స్ బదులు పగిలిన సీసాల గాజు వేస్తే మీరు ఫొటోల్లో చూసినది వస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది.

2015లో విజయనగరంలో ఒక ఇంటికి నేను అదే చేశాను. ఆకుపచ్చ, గోధుమ రంగు సీసాలు ఏరించి, కడిగించి, పగలగొట్టించి, మామూలు 53 గ్రేడ్ సిమెంట్‌తో తొమ్మిదడుగుల గట్టు పోశాను. పాలిష్ అయ్యాక వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు. మొదటి ఏడాది బాగుంది. రెండో వానాకాలం దాటాక సింక్ చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచాయి. తర్వాత సాలెగూడులా సన్నటి పగుళ్లు. పొక్కు గిల్లితే లోపల గాజు ముక్క చుట్టూ జిగురులాంటి తెల్లటి పదార్థం. క్యూరింగ్, అంటే తడిపి ఉంచడం, సరిగ్గా చేయలేదేమో అనుకుని పైన ఎపాక్సీ పూశాను. అదీ లేచిపోయింది. చివరికి మొత్తం పగలగొట్టి నా ఖర్చుతో గ్రానైట్ వేసి ఇచ్చాను. ఆ ఇంటివాళ్లు నన్ను నమ్మి ఇచ్చిన పని అది, ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

ఎందుకు అలా అయిందో తర్వాత ఒక సివిల్ ఇంజినీరు వివరంగా చెప్పారు. గాజు అంటే ప్రధానంగా సిలికా. సిమెంట్‌లో క్షారాలు ఉంటాయి. రెండూ కలిసి ఒక జిగురు తయారవుతుంది. ఆ జిగురుకి తడి దొరికితే నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. ఉబ్బితే చుట్టూ ఉన్న సిమెంట్ పగులుతుంది. ఇంగ్లిష్‌లో దీన్ని ఆల్కలీ సిలికా రియాక్షన్ అంటారు. డ్యాములకి, వంతెనలకి కూడా ఇదే జబ్బు వస్తుంది, అక్కడ గాజు బదులు కొన్ని జాతుల రాళ్లు ఉంటాయి. క్షారం, సిలికా, తడి: మూడూ ఉంటేనే ఈ జబ్బు. వంటగట్టు మీద, అందులోనూ సింక్ పక్కన, తడి ఎప్పుడూ ఉంటుంది. మన సముద్రపు గాలిలో తేమకి కొదవే లేదు.

దీనికి మందు ఉంది. మామూలు సిమెంట్ బదులు స్లాగ్ సిమెంట్ వాడాలి. ఉక్కు ఫ్యాక్టరీల్లో ఇనుము కరిగించినప్పుడు పైన తేలే మడ్డిని చల్లబరిచి, మెత్తగా పిండి చేసి సిమెంట్‌లో కలుపుతారు. మన పక్కనే విశాఖ ఉక్కు ఉంది కాబట్టి స్లాగ్ సిమెంట్ మనకి కొత్త సరుకు కాదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 455 ప్రకారం అందులో 25 నుంచి 70 శాతం వరకు స్లాగ్ ఉండొచ్చు. ఎంత ఎక్కువ ఉంటే గాజుకి అంత మంచిది. ఫ్లై యాష్, అంటే బొగ్గు కరెంటు ప్లాంట్ల బూడిద, కలిసిన పి.పి.సి. సిమెంట్ కూడా కొంత పనిచేస్తుంది, అందులో బూడిద 15 నుంచి 35 శాతం. స్లాగూ, బూడిదా రెండూ ఫ్యాక్టరీల వ్యర్థాలే, కాబట్టి మీ కోరికకీ సరిపోతాయి. ఇంకో చిత్రం ఏమిటంటే, అదే గాజుని పిండిలా మెత్తగా నూరి కలిపితే ఉబ్బు రాదు సరికదా, సిమెంట్‌కి బలం ఇస్తుంది. ముక్కలుగా ఉన్నప్పుడే గొడవ.

2018 నుంచి స్లాగ్ సిమెంట్‌తో గాజు పలకలు చేస్తున్నాను, కానీ గోడలకే. భోజనాల బల్ల వెనక, దేవుడి గది పక్కన, మెట్ల కింద. ఒక్కటీ పగల్లేదు. స్లాగ్ సిమెంట్ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి వారానికే మిషన్ పెట్టకుండా రెండు వారాలు తడిపి ఆగాలి. తడపడానికి గోనె సంచులు కప్పేటప్పుడు కొత్తవి వద్దు, బాగా ఉతికిన పాతవి వాడాలి. కొత్త గోనె రంగు దిగి గోధుమ మరకలు పడతాయి. స్లాగ్ సిమెంట్‌తో పాలలాంటి తెలుపు రాదు, బూడిద రంగే ఉంటుంది. ఫొటోల్లోని తెల్లదనమే కావాలనుకుంటే వైట్ సిమెంట్‌లో గాజు వదిలేసి గ్రానైట్ చిప్స్, పాలరాతి చిప్స్ వేయించుకోండి. గ్రానైట్ చిప్స్ అరగడం కష్టం, మేస్త్రి గొణుగుతాడు, డైమండ్ ప్యాడ్లు కావాలంటాడు. అతను చెప్పేది నిజమే.

గట్టుగా ఏ సిమెంట్ టెర్రాజో అయినా నేను వద్దనడానికి ఇంకో కారణం పులుపు. సిమెంట్‌ని పులుపు తింటుంది. చింతపండు రసం రాత్రంతా ఉంటే చిప్స్ మధ్య సిమెంట్ కాస్త దిగిపోయి చేతికి గరుగ్గా తగులుతుంది. సీలరు పూస్తే మరక ఆగుతుంది, పులుపు పూర్తిగా ఆగదు. దాంతోపాటు బరువు. 18 ఎం.ఎం. గ్రానైట్ చదరపు అడుగుకి నాలుగున్నర కిలోలు ఉంటుంది. 40 ఎం.ఎం. మందాన పోసిన టెర్రాజో తొమ్మిది కిలోలు. మీ గట్టు ఇరవై ఎనిమిది చదరపు అడుగులు, అంటే రెండు వందల యాభై కిలోలు. కింద గోడలు దానికి తగ్గట్టు ఉండాలి.

ఇంజినీర్డ్ క్వార్ట్జ్ గురించి మీరు అడగలేదు, కానీ షాపువాళ్లు రీసైకిల్ క్వార్ట్జ్ అని చూపిస్తారు కాబట్టి చెబుతున్నాను. అది నూటికి తొంభై పాళ్ల పైన క్వార్ట్జ్ పొడి, మిగతాది ప్లాస్టిక్ జాతి రెజిన్. వేడి గిన్నె తిన్నగా పెడితే రెజిన్ రంగు మారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. అంతకంటే పెద్ద సంగతి దాన్ని కోసేటప్పుడు లేచే దుమ్ము. కంటికి కనిపించనంత సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది, ఆ జబ్బుకి వైద్యంతో పూర్తిగా నయం కావడం ఉండదు. ఈ కారణం వల్లే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఇంజినీర్డ్ స్టోన్‌ని నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, కానీ అంతకంటే తక్కువ. తక్కువని నిర్లక్ష్యం చేయకూడదు. నా దగ్గర పనిచేసిన ఒక హెల్పరు, అంతకుముందు వేరే చోట ఏళ్ల తరబడి పొడి కటింగ్ చేసినవాడు, నలభై దాటేసరికి మెట్లు ఎక్కలేకపోయాడు. ఇప్పుడు పని మానేసి ఇంట్లోనే ఉంటున్నాడు. అప్పటి నుంచి నా సైట్లో నీళ్లు పోయకుండా మిషన్ ఆన్ చేయనివ్వను. మీ ఇంట్లో రాయి కోసేటప్పుడు కటింగ్ బయటే జరగాలి, నీళ్లతోనే జరగాలి, కోసేవాళ్లకి ఎన్ 95 మాస్కులు ఇవ్వాలి. ముఖానికి కట్టుకునే తువ్వాలు ఆ దుమ్ముని ఆపదు. మాస్కుల ఖర్చు మీరే పెట్టుకోండి, పెద్ద మొత్తం కాదు. కటింగ్ నీళ్లు కాలువలోకి, పొలంలోకి పోకుండా గుంతలో పట్టి ఆరనివ్వండి. ఆ బురద ఆరితే రాయిలా బిగుస్తుంది, నేల మీద పరుచుకుంటే నీరు ఇంకదు.

గోడకి వద్దాం. ఇది తేలికైన పని. టైల్ షాపుల్లో డిజైన్ ఆగిపోయినవి, నాలుగైదు పెట్టెలే మిగిలినవి ఉంటాయి. అడిగితే తక్కువకి ఇస్తారు. విరిగిన ముక్కలైతే ఊరికే పట్టుకెళ్లమంటారు. పొయ్యి వెనక మాత్రం పెద్ద టైల్సే వేయండి, పోపు చింది ప్రతి జాయింటులో నూనె, పసుపు చేరితే తోమలేరు. మిగతా గోడకి ముక్కల మొజాయిక్ బాగుంటుంది. ముక్కల అంచులు చేతులు కోయకుండా సానపట్టించండి. మిగిలిన తెల్ల ముక్కలుంటే డాబా మీద పరిపించండి, ఎండాకాలం పై గది కొంచెం చల్లబడుతుంది.

కలప విషయంలో మన జిల్లాలు అదృష్టవంతమైనవి. మన తీరపు ఊళ్ల నుంచి ఒకప్పుడు రంగూన్ వెళ్లి వచ్చిన కుటుంబాలు ఎన్నో. పాత మండువా ఇళ్లలో బర్మా టేకు దూలాలు, ద్వారబంధాలు ఇంకా ఉన్నాయి. ఇల్లు పడగొట్టినప్పుడు అవి పాత కలప అడితికి వస్తాయి. యాభై అరవై ఏళ్లు ఆరిన కలప వంగదు, తిరగదు. కొత్త చెక్కలో అంత నిలకడ కొనాలన్నా దొరకదు.

పనస కూడా మంచిదే. బొబ్బిలి వీణ ఒంటి పనస మానులోంచే చెక్కుతారు, అంత నమ్మకమైన కలప. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం మీద పడినప్పుడు కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. ఆ తోటలు చూసి వచ్చాక చాలా రోజులు నిద్ర పట్టలేదు. కంచిలి వైపు ఒక రైతు కూలిన పనస మానుల్ని వంటచెరుకుగా అమ్మేస్తుంటే, మూడు మానులు నేను కొని కోత మిల్లులో పలకలు తీయించాను. నీడన, మధ్య సన్నటి పుల్లలు పెట్టి ఏడాదిన్నర ఆరబెట్టాను. ఆ పలకలు ఇప్పుడు నాలుగు ఇళ్లలో వంటగది అరలుగా ఉన్నాయి. మొదట పసుపుగా ఉండేవి, ఇప్పుడు తేనె రంగు తిరిగాయి. ఆరబెట్టడానికి ఓపిక పట్టకపోతే పనస వంకర పోతుంది, ఆ తొందర పనికిరాదు.

పాత కలపతో రెండు జాగ్రత్తలు. మేకులన్నీ లాగించాకే మిల్లుకి పంపండి, ఒక్క మేకు రంపం బ్లేడుని పాడు చేస్తుంది. పుచ్చు పట్టిన పొడి రాలుతుంటే ఆ చెక్క తీసుకోకండి, కొద్దిగా అనుమానముంటే బోరాక్స్, బోరిక్ యాసిడ్ ద్రావణం పట్టించండి. పాత రంగుని మాత్రం పొడిగా గీకొద్దు. ఒకప్పటి పెయింట్లలో సీసం బాగా ఉండేది. మన దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పి.పి.ఎం. (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదని 2016లో నియమం పెట్టారు, అంతకు ముందువి ఏ డబ్బాలో ఎంత ఉందో చెప్పలేం. సీసం దుమ్ము చిన్న పిల్లల మెదడుకి హాని చేస్తుంది. తడిపి గీకండి, లేకపోతే రంగు ఊడదీసే మందు రాసి తీయండి, పిల్లల్ని ఆ చుట్టుపక్కలకి రానివ్వకండి.

పలాస జీడిపిక్కల తొక్క నుంచి తీసే నూనె చెక్కకి పూస్తే చెదలు పట్టవని ఎవరైనా చెప్పొచ్చు. పడవలకి, కంచె గుంజలకి పూయడం పాత అలవాటే. కానీ శుద్ధి చేయని ఆ నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది. జీడి ఒలిచే ఆడవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. వంటగదిలో దాన్ని ముట్టుకోకండి. చెక్క అరలకి మరిగించిన అవిసె నూనె పల్చగా మూడు పూతలు చాలు. నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ల బకెట్లో వేసి, తర్వాత విప్పి ఆరబెట్టాలి.

గట్టు కింద అలమరలకి చెరకు పిప్పి బోర్డు, వరి ఊక బోర్డు, పాల డబ్బాల అట్టలతో చేసిన బోర్డు అని అమ్ముతారు. చెరకు పిప్పి బోర్డు పొడి చోట బాగానే ఉంటుంది, సింక్ కింద పెడితే ఒక వానాకాలానికే ఉబ్బుతుంది. నేను రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. వరి ఊక, ప్లాస్టిక్ కలిసిన బోర్డు తడికి తట్టుకుంటుంది, చెదలు పట్టవు, కానీ స్క్రూ బిగించేటప్పుడు ముందుగా రంధ్రం చేయాలి. లేకపోతే చిట్లుతుంది. రీసైకిల్ ప్లాస్టిక్ షీట్లు చాలావరకు హెచ్.డి.పి.ఇ. అనే రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. అది 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అంతకు ముందే మెత్తబడుతుంది. మరిగే నూనె అంతకన్నా వేడి. విజయనగరంలో ఒక టిఫిన్ కొట్టులో పొయ్యి పక్కన ఆ షీటు వేయించుకుని, మూడో నెలకే వంగిపోతే నా దగ్గరికి వచ్చారు. అదే షీటుని చేతులు కడిగే చోటికి మార్చాం, ఇప్పటికీ బాగుంది.

కొన్నిటిని పాతవి కదా అని ఇంట్లోకి తేవద్దు. పాత సిమెంటు రేకులు పగలగొట్టి గట్టులోకి నింపడం చూశాను. వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, దాని సన్నటి పోగులు పీల్చడం ప్రాణాంతకం, పగలగొట్టనే కూడదు. సముద్రపు ఇసుక ఉప్పుతో ఇనుముని తినేస్తుంది, అందుకే గట్టు శ్లాబ్‌కి అది వద్దు. గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్ ఫ్యాక్టరీల మడ్డి ఉక్కు స్లాగ్ లాంటిదే కదా అని ఒకరు అడిగారు. ఫెర్రో క్రోమ్ మడ్డిలో క్రోమియం ఉంటుంది కాబట్టి పరీక్ష చేయించకుండా ఇంటి లోపల నేను వాడను.

కూల్చిన కాంక్రీటు కంకర గురించి కూడా ఒక మాట. ఐ.ఎస్. 383, 2016 ప్రకారం ఎం 25 గ్రేడు వరకు ఇనుము వేసే కాంక్రీటులో రీసైకిల్ కంకర 20 శాతం వరకు వాడొచ్చు. గట్టు కింది పల్చటి శ్లాబ్‌కి వాడుకోండి, కానీ కంకరకి మట్టి, సున్నం అంటుకుని ఉండకూడదు. ముందు రోజు రాత్రి తడిపి ఉంచండి, లేకపోతే కలిపిన నీళ్లన్నీ అదే పీల్చేస్తుంది.

టెక్కలి వెళ్లే ముందు గట్టు బొమ్మ కాగితం మీద వేసి, సింక్ ఎక్కడ, పొయ్యి ఎక్కడ, గ్రైండరు ఎక్కడ అని గుర్తు పెట్టుకోండి. సింక్ ముందే కొనండి, దాని కొలత చేతిలో ఉంటేనే ఆ రెండడుగుల ముక్క ఏరగలరు. మీ మేస్త్రిని వెంట తీసుకెళ్లండి, ఆ రోజు కూలి ఇచ్చి మరీ. తనే ఏరిన రాయిని అతను జాగ్రత్తగా పరుస్తాడు. లెక్క కన్నా రెండు ముక్కలు ఎక్కువ తెచ్చుకోండి, దారిలో ఒకటి విరగడం మామూలే. ట్రాలీలో పడుకోబెట్టకుండా, అంచు మీద నిలబెట్టి, మధ్య గోనె సంచులు పెట్టి తాళ్లతో కట్టించండి. వీలైతే గట్టు బొమ్మ, సింక్ కొలత ఇక్కడ పెట్టండి. జాయింట్లు ఎక్కడ రావాలో గీసి చెబుతాను.